ఆకుపచ్చ లంగా

పోయినసారి మీరు నన్ను కిటికీ పక్కన, ఎర్రరంగు గిన్నె ముందు, పళ్లు నూరుకుంటూ ఉండగా వదిలేసి వెళ్లారు. ఆ తర్వాత ఏం చేశానంటే, ఆ గిన్నె తీసుకెళ్లి పెరట్లో పారబోశాను.

ఎందుకో గుర్తుందిగా. మా ఆయన క్రైన్ రాగిరేకు మీద బొమ్మలు గీసి అచ్చు వేస్తాడు. వాటికి రంగులు వేసేది నేను, హిల్లెని. హార్లెం తిరునాళ్ల బొమ్మ ఏటా ఒకటి వేస్తాడు. పోయినేడు తిరునాళ్లలో గీసింది ఈ ఏడు తిరునాళ్లకు ముందు అచ్చయి, ఊళ్లు తిరిగే వాళ్ల మూటల్లో నాలుగు దిక్కులకూ పోతుంది. నేను అల్క్‌మార్ నుంచి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఏ ఏడు బొమ్మలో చూసినా ఒక మూల అట్లు పోసే ఆడది ఒకత్తి ఉంటుంది. అదే ముఖం, చెంప మీద అదే పుట్టుమచ్చ, అదే సగం నవ్వు. "ఎవరయ్యా ఇది?" అంటే, "ఎవరో అట్లమ్మే మనిషి" అంటాడు. గుర్రానికి నీలం పూసినా నోరెత్తని మనిషి, ఆ లంగా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా భుజం మీదుగా వంగి మరీ చెబుతాడు.

"లంగా ఎరుపే, హిల్లె. ఇంకే రంగూ వద్దు."

సవతి లంగాకి నా చేత్తోనే రంగు వేయించుకునే మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడా చెప్పండి. ఒక కాగితం కాదు, రెండు కాదు, కట్టలు కట్టలు. దాని బుగ్గలకి గులాబీ రంగు అద్దీ అద్దీ నా బుగ్గలు పీక్కుపోయాయి. ఈ ఏడు ఇక నా వల్ల కాలేదు. రాగి చిలుము నూరి చేసిన ఆకుపచ్చ ఉంటుంది, చూస్తేనే నాచు గుర్తొస్తుంది, అది తీసి ప్రతి కాగితం మీదా ఆ లంగాకి దట్టంగా పట్టించాను. తడి ఆరీ ఆరకముందే మూటలవాళ్లకి అప్పజెప్పేశాను. క్రైన్ అప్పుడు రేకులు ముంచే ఆసిడ్ తొట్టి మీద వంగి దగ్గుతున్నాడు. చూడలేదు.

అది జరిగి నెల అయింది. ఇవాళ తిరునాళ్ల ఆఖరి రోజు. అది ఎవరో, ఎక్కడుందో, తాడోపేడో తేల్చుకుందామని ఒక కాగితం చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాను. క్రైన్ పొద్దున్నే నది ఒడ్డుకి, తాడుకి వేలాడే బాతుని పడవ మీద నుంచి లాగే ఆట గీయడానికి పోయాడు. మంచిదే అయింది.

పెద్ద బజారంతా జనం. పళ్లు పీకేవాడు బల్లెక్కి అరుస్తున్నాడు. కుర్రవాళ్లు పందాలు వేసుకుని అల్లం రొట్టెల్ని గొడ్డలితో నరుకుతున్నారు. చర్చి మీద తిరునాళ్ల శిలువ ఇంకా ఎత్తే ఉంది. అది ఎత్తింది మొదలు ఆఖరి మధ్యాహ్నం గంట ఆగేదాకా మా ఊళ్లో ఎవరినీ నీ పేరేంటని అడగరు. అప్పు ఎగ్గొట్టినవాడు రావచ్చు, ఊరు వెళ్లగొట్టినవాడూ రావచ్చు, వాళ్ల మీద చెయ్యి వెయ్యడానికి లేదు. గంట ఆగాక మాత్రం, ఊళ్లో ఉండకూడని మనిషి ఎవరైనా దొరికితే నడిబజారులో కొరడా దెబ్బలు, భుజం మీద ఎర్రగా కాల్చిన వాత.

నాకు ఆ గొడవలతో పనిలేదు. నాకు కావలసింది అట్లు పోసే మనిషి. బొమ్మలో అది ఎడమ చేత్తో గరిటె పట్టుకుంటుంది. అట్ల బళ్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే చేపల మార్కెట్ ముందు దొరికింది. గుండ్రటి మొహం, ఎడమ చేతిలో గరిటె. చెంప నిండా పొయ్యి మసి, పుట్టుమచ్చ ఉందో లేదో ఎవడు చూశాడు. నా కళ్లకి అప్పటికే ఎర్ర జీరలు వచ్చేశాయి.

"ఏమ్మా, అట్టు కావాలా? వెన్నతోనా, పాకంతోనా?" అంది.

"నా మొగుడు కావాలి. వెన్నా పాకం నీ దగ్గరే ఉంచుకో."

"మొగుడా? తప్పిపోయాడా తల్లీ? తప్పిపోయినవాళ్ల గురించి చాటింపు వేసేవాడు చర్చి మెట్ల దగ్గర ఉంటాడు. మనిషి ఎలా ఉంటాడో ఆనవాళ్లు చెప్పుకో, పో."

పక్కనున్న నలుగురూ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం విప్పి దాని మొహం మీద ఆడించాను.

"ఏటేటా నా మొగుడి చేత బొమ్మ గీయించుకుంటున్నావే, సిగ్గు లేదూ? ఇది నువ్వు కాదూ?"

అది గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం అందుకుని తేరిపార చూసింది. తర్వాత మార్కెట్ అదిరిపోయేలా నవ్వింది.

"అబ్బో! నాకు, ఈ స్వాంట్యెకి, ఇంత సన్నటి నడుం ఏనాడుందమ్మా! ఓ మామా, ఇలా రా, నీ పెళ్లాం బొమ్మలో పడిందంట చూద్దువుగాని!" పీపాల వెనక నుంచి ఏనుగంత మనిషి ఒకడు తల పైకెత్తాడు. "పిల్లా, ఎడమ చేత్తో గరిటె పట్టిందల్లా నీ సవతేనా? అయితే మా అమ్మని కూడా కలుపుకో, ఆవిడా ఎడమచేతి మనిషే. ఇదిగో, బొమ్మలో ఈ ఫిడేలు వాయించేవాడు కూడా ఎడమచేతివాడే. వీడూ నీ సవతేనా?"

జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను మాత్రం ఆ ఫిడేలు వాడి దగ్గరే ఆగిపోయాను. వాడు నిజంగానే ఎడమ చేత్తో వాయిస్తున్నాడు. వాడి పక్కన సైనికుడు ఉన్నాడు. కత్తి కుడి తుంటి మీద వేలాడుతోంది. కత్తి అక్కడ కట్టుకుంటే ఎవడైనా కుడి చేత్తో ఎలా దూస్తాడు? అల్లం రొట్టె నరికేవాడి గొడ్డలి ఎడమ చేతిలో. టోపీ ఎత్తి దండం పెట్టే పెద్దమనిషి ఎడమ చేత్తో పెడుతున్నాడు. బొమ్మలో ఊరంతా ఎడమచేతివాళ్లే.

నా తలకాయ! రాగిరేకు మీద ఎలా గీస్తే కాగితం మీద దానికి తిరగబడి పడుతుంది. కుడి ఎడమ అవుతుంది. డబ్బున్నవాళ్లు చేయించుకునే బొమ్మలైతే క్రైన్ అద్దం పెట్టుకుని ముందే తిప్పి గీస్తాడు. తిరునాళ్ల చవక బొమ్మకి అంత ఓపిక ఎవరికుంది? ఈ సంగతి రోజూ తడి కాగితాలు తీగ మీద ఆరేసే నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ కాగితం మీద నేను ఎన్నడూ ఒక్క మనిషిని తప్ప ఇంకెవరినీ చూడలేదు.

"తప్పయింది వదినా" అన్నాను మొహం మాడ్చుకుని. "వెతకాల్సింది కుడిచేతి మనిషిని."

"అయితే నీకు ఇవాళంతా చాలదు, పోయిరా" అంది స్వాంట్యె. మళ్లీ నవ్వులు.

కాగితాన్ని వెనక్కి తిప్పి ఎండకి పట్టి చూశాను. అన్నీ సరిగ్గా కుదురుకున్నాయి. గరిటె కుడి చేతిలోకి, పుట్టుమచ్చ కుడి చెంప మీదికి వచ్చాయి. వెనకాల చర్చి గోడ ఉంది. గోడ పక్కకే నడిచాను.

బళ్లన్నీ సర్దేస్తున్నారు. మధ్యాహ్నం కావస్తోంది మరి. ఒక్క పొయ్యి మాత్రం ఇంకా మండుతోంది. దాని వెనక ఒక ఆడమనిషి తీరిగ్గా కొత్త పిండి కలుపుకుంటోంది. కుడి చెంప మీద పుట్టుమచ్చ. పెదాల మీద ఆ సగం నవ్వు.

కానీ బొమ్మలో మనిషి కాదు. టోపీ కింద జుట్టు నెరిసింది. నడుం లావెక్కింది. చేతులు కాలి కాలి బొబ్బలు ఎండిపోయాయి. క్రైన్ ఏటేటా గీస్తున్నది ఈమెను కాదు, ఎప్పటి ఈమెనో. నాకంటే అందగత్తె అయితే తిట్టి పోసి వెళ్లేదాన్ని. ముసలితనం దగ్గర పడుతున్న మనిషిని పడుచుదానిలా చూస్తున్నాడంటే, ఇక నా అందం ఏ మూలకి?

కాగితం పెనం పక్కన పరిచాను. ఆమె చూసింది. చేతిలో గరిటె ఆగింది. ఉలిక్కిపడలేదు, బుకాయించలేదు. రవికలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి నా కాగితం పక్కనే పరిచింది. అదే బొమ్మ. అదే ఆకుపచ్చ.

"లైడెన్‌లో ఒకడి మూటలో కనపడింది" అంది. "నువ్వు క్రైన్ భార్యవి కదూ? గోళ్ల కింద రంగు చూస్తే తెలుస్తోంది. చక్కగా వేశావమ్మా, ఎక్కడా గీత దాటలేదు. నాకు ఎప్పుడూ గీత దాటిపోయేది."

"నీకా?"

"ఆ కిటికీ పక్క పీట మీద నీకంటే ముందు కూర్చున్నది నేనే. నా పేరు డ్యూవర్. సన్న కుంచె కర్ర చివర పంటి గాట్లు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. క్రైన్ పళ్ల గుర్తులనుకున్నాను ఇన్నాళ్లూ. పని చేస్తూ చేస్తూ, ప్రేమ పొంగుకొచ్చి, నేనూ అక్కడే కొరుకుతుంటాను. చేత్తో నోరు తుడుచుకున్నాను.

"పీట దిగి ఎందుకు పోయావు మరి? కూర్చోకపోయావా?" అన్నాను. గొంతు నాకే పుల్లగా వినిపించింది.

"ఊరు వెళ్లగొట్టారు." పిండిలో ఉండలు చిదుపుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "క్రైన్ ఒక బొమ్మ వేశాడు. ఊరి పెద్దలంతా పందులు, నెత్తిన టోపీలు. తెల్లారేసరికి ఊరంతా నవ్వింది. సాయంత్రానికి వాళ్లు ఇంటికొచ్చి రేకు పట్టుకున్నారు. ఎవరిదిది అన్నారు. నాది అన్నాను."

"ఎందుకలా అన్నావు?"

"అతని చేతులు విరగ్గొడితే ఇక గీయలేడు. నా చేతులకేముంది, ఎక్కడున్నా అట్లు పోసుకుంటాయి."

అది విని నాకు కన్నీళ్లు రావాలి. రాలేదు. వచ్చింది అసూయ. నేనేమిచ్చాను క్రైన్‌కి? వేళకి కూడు పెట్టాను, కాగితాలు ఆరేశాను, గీత దాటకుండా రంగు వేశాను. ఈమె ఊరే ఇచ్చేసింది. పడుచుతనం కూడా అందులోనే పోయింది. అందం మీద పోటీ పడొచ్చు, వంట మీద పోటీ పడొచ్చు, దీని మీద ఎలా పడతాను?

"ఏటా వచ్చి మాట్లాడుకుంటూనే ఉన్నారుగా, ఇంకేం!"

"అప్పట్నుంచి ఒక్క మాట కూడా లేదు. ఎవరి కంటైనా పడితే పాత సంగతి అతని మెడకు చుట్టుకుంటుంది. నేను ఇక్కడ అట్లు పోస్తాను, అతను ఆ మూల నుంచి గీసుకుంటాడు. గంటకి ముందు వెళ్లిపోతాను. చెప్పాల్సిందల్లా ఆ లంగాతోనే చెబుతాడు."

"లంగాతో ఏం చెబుతాడు?"

డ్యూవర్ వేలితో ఆకుపచ్చని నెమ్మదిగా నిమిరింది. నెల కిందట నేను పగతో పట్టించిన రంగు మీద ఆ వేలు ఆడుతుంటే నా ఒంటి మీద పాకినట్టయింది.

"వెళ్లిపోయే రోజు చెప్పాడమ్మా. శిక్ష ఎత్తెయ్యమని పెద్దల కాళ్లావేళ్లా పడుతూనే ఉంటాను, లంగా ఎర్రగా ఉన్నన్నాళ్లూ గంటకి ముందే వెళ్లిపో, ఎత్తేసిన ఏడు ఆకుపచ్చ వేస్తాను, ఇక ఊళ్లోనే ఉండిపో అన్నాడు." తల ఎత్తి నవ్వింది. ఈసారి సగం నవ్వు కాదు, నిండు నవ్వు. "ఇవాళ నేను వెళ్లడం లేదు."

సరిగ్గా అప్పుడే చర్చి మీద గంట మొదలైంది.

చుట్టుపక్కల బళ్లు కదిలాయి. టోపీలు మొహం మీదికి లాక్కుని ఒకరిద్దరు కోట గుమ్మం వైపు గబగబా పోయారు. డ్యూవర్ మాత్రం పెనం మీద పిండి పోసింది.

నేనేమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు. గంట ఆగుతుంది, కావలివాళ్లు వస్తారు, కొరడా ఉంటుంది, వాత ఉంటుంది. వచ్చే ఏడు బొమ్మలో ఈ మూల ఖాళీగా ఉంటుంది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదేగా. అట్టు తిరగేస్తున్న ఆ చేతిని చూస్తూ అక్కడే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఒకసారి అతని కోసం ఊరు వదిలితేనే, అతను ఇన్నేళ్లయినా ఈమెను గీయడం మానలేదు. రెండోసారి ఒంటి మీద వాత కూడా పడితే? ఇంకేముంది, ఈమె బొమ్మకి రంగులు వేస్తూ నేను పక్కన పడి ఉండాల్సిందే, జీవితాంతం. అది కూడా నేను వేసిన రంగు వల్ల! జాలితో నోరు విప్పానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

"ఆ రంగు నేను వేశాను" అన్నాను. "ఆయన వేయమన్నది ఎరుపే. నీ మీద కుళ్లుతో నేనే మార్చాను. శిక్ష ఎవరూ ఎత్తెయ్యలేదు. పరుగెత్తు."

డ్యూవర్ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అదే నేను భరించలేకపోయాను.

"నీ బాధ నాకు అర్థమైందమ్మా. నీ చోట నేనున్నా ఇదే అబద్ధం ఆడేదాన్ని."

"అబద్ధం కాదు! ఒట్టు!"

"నీ ఇంటికి రానులే, భయపడకు. ఊళ్లో ఎక్కడో ఒక గది చూసుకుంటాను. ఇదిగో, అట్టు తిను. పొద్దుట్నుంచీ ఏం తిన్నట్టు లేవు."

గంట ఆగిపోయింది. చర్చి మీద శిలువ దించుతున్నారు. బజారులో మాటలు కూడా ఒక్కసారి తగ్గాయి.

కావలి మనిషి అప్పుడే మా వైపు తిరిగాడు. ఈ మధ్యనే కొలువులో చేరినవాడు, నన్ను ఎరుగును, ఆమెను ఎరగడు. వాడి వెనకాల, చేతులు నడుం మీద పెట్టుకుని స్వాంట్యె. తమాషా ఇంకా అయిపోలేదని వాసన పట్టినట్టుంది.

"ఏమమ్మా, గంట ఆగింది. బయటి ఊరి మనిషిలా ఉన్నావు. పేరేంటి? ఊళ్లో నీకు పూచీ ఎవరు?"

డ్యూవర్ వీపు నిటారుగా పెట్టి లేచింది. ఎన్నో ఏళ్లుగా ఈ ఊళ్లో పలకలేని పేరు పలకబోతోంది. ఆ మొహంలో సంతోషం నాకు కనపడింది.

"నా పేరు డ్యూ..."

"మా ఆడపడుచు!" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు.

కావలివాడు నా వైపు తిరిగాడు. "క్రైన్‌కి అక్కగారున్నారా? ఎప్పుడూ వినలేదే."

"ఉట్రెక్ట్‌లో ఉంటుంది. తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చింది. పూచీ మేమే."

"మరి నువ్వు సవతి కోసం వెతుకుతున్నావని చేపల మార్కెట్ అంతా చెప్పుకుంటున్నారు?"

"సవతి దొరకలేదు, ఆడపడుచు దొరికింది. రెంటిలో ఏది నయమో నువ్వే చెప్పు నాయనా."

వాడు పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. స్వాంట్యె మాత్రం నవ్వలేదు. పెనం పక్కనున్న కాగితాన్నీ, డ్యూవర్ చెంపనూ మార్చి మార్చి చూస్తోంది.

"సరే, ఇంటికి తీసుకుపో" అన్నాడు కావలివాడు. "సాయంత్రం ఒకసారి వస్తాను. క్రైన్ నోటితో కూడా మా అక్క అనిపించుకుని పోతాను."

వాడు కదిలాక డ్యూవర్ నా చెయ్యి పట్టుకుంది.

"అంటే... నువ్వు చెప్పింది నిజమా? ఆయన ఆకుపచ్చ వెయ్యమనలేదా?"

ఆ మొహం చూడలేక పొయ్యి వైపు చూశాను. పెనం మీద అట్టు మాడిపోతోంది.

"పొయ్యి ఆర్పు. నడువు" అన్నాను.

పెనం ఆమె మోసింది, గిన్నె నేను మోశాను. సాయంత్రం లోపల క్రైన్‌కి ఏం చెప్పాలి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఆకుపచ్చ గురించి ఎలా నోరు తెరవాలి అని తల బద్దలు కొట్టుకుంటూ నడిచాను. దారి చూపించాలన్న ధ్యాసే నాకు లేదు. ఆ అవసరమూ రాలేదు. మా సందు మలుపు దగ్గర నాకంటే ముందు ఆమే తిరిగింది.